డాక్టరమ్మకు మాట రాకూడదని

మా అక్క మంచిది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఇకపైన నేను చెప్పేదంతా విన్నాక, సొంత అక్క మీద ఈవిడకి ఇంత కడుపుమంట ఏమిటని మీరు అనుకోవచ్చు. మంచిదే, కాదనను. కానీ ఆవిడతో ఒక్క పూట గడిపి చూడండి, ఎంత ఓర్పున్నవాళ్ళకైనా తల ప్రాణం తోకకొస్తుంది.

ఉద్యోగాలు చేసుకునే అమ్మాయిలుండే ఒక హాస్టలుకి అక్క పెద్ద. కాగితాల మీద ఆ ఉద్యోగానికి ఏదో పెద్ద పేరే ఉంది. ఆ పేరుతో ఎవరూ పిలవరు. అమ్మాయిలంతా పెద్దక్క అంటారు. వంటగది నుంచి డాబా మీద నీళ్ళ ట్యాంకు దాకా, గేటు తాళం నుంచి జ్వరమొచ్చిన పిల్ల నుదుటి మీద తడిగుడ్డ దాకా అన్నీ ఆవిడ చేతి మీదుగానే జరగాలి. హాస్టలు వెనకే రెండు గదులిచ్చారు. అందులో అక్కా, బావా ఉంటారు. బావ సినిమా హాల్లో గుమ్మం దగ్గర నిలబడి టికెట్లు చింపుతాడు. నాది పక్క వీధిలోనే కుట్టుమిషను కొట్టు. హాస్టలుకి దిండు గలీబులూ, దుప్పట్లూ, కర్టెన్లూ కుట్టేది నేనే.

ఆ కర్టెన్ల గురించి చెప్పాలి. అవి తెలియకపోతే మా అక్క మీకు అర్థం కాదు.

ఆ హాస్టలుకి అప్పుడప్పుడూ పై ఆఫీసు నుంచి ఒక ఆఫీసరు తనిఖీకి వస్తాడు. ఆయన వచ్చే కబురు ఓ వారం ముందే ఆ ఆఫీసు గుమాస్తా చెప్పేస్తాడు. ఇక చూడండి. మెట్ల మీద కాలిపోయిన బల్బులన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి. చేతులు కడుక్కునే చోటల్లా కొత్త సబ్బులు కూచుంటాయి. ఇనప్పెట్టెలోంచి నేను కుట్టిన కర్టెన్లు బయటికొచ్చి కిటికీలకి ఎక్కుతాయి. నిప్పంటుకుంటే చల్లడానికని ఎర్ర బకెట్లలో ఇసుక నిండుతుంది. ఆఫీసరు వస్తాడు, చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతాడు, "బాగుందమ్మా, చాలా బాగుంది" అంటాడు, టీ తాగి వెళ్తాడు. ఆయన కారు వీధి మలుపు తిరిగిందో లేదో మా అక్క నిచ్చెన వేయిస్తుంది. బల్బులు దిగిపోతాయి. కర్టెన్లు మడతపడి పెట్టెలోకి వెళ్తాయి. సబ్బులు తడితడిగానే ఒక పళ్ళెంలో చేరతాయి.

"పెద్దక్కా, ఆ సబ్బన్నా ఉంచొచ్చుగా!" అని అమ్మాయిలు మొత్తుకుంటారు.

"ఉంచితే అరగదీసెయ్యరూ? మళ్ళీ ఆయనొస్తే ఏం పెట్టమంటారే, నా మొహమా?"

ఇందులో పైసా తినే బుద్ధి ఏమీ లేదు. నేనొకసారి అడిగాను, ఎందుకక్కా ఈ నాటకమంతా అని. నన్నొక వెర్రిదాన్ని చూసినట్టు చూసింది.

"ఆయన పైన ఇంకొకాయన ఉంటాడే. ఇక్కడ బాగా లేదని రాశాడనుకో, ఇన్నాళ్ళూ నువ్వేం గాడిదలు కాశావని ముందు ఆయన్నే అడుగుతారు. పిల్లలున్నవాడు. మన వల్ల ఒకరికి మాట రాకూడదు."

ఇదీ మా అక్క. ఆవిడ నాటకం ఆడేది తన కోసం కాదు, చూడ్డానికి వచ్చినవాడి మీద జాలితో.

కిందటేడు హాస్టల్లో అమ్మాయిలకి ఆరోగ్య పరీక్షలు చేశారు. నాలుగు వీధుల అవతలున్న చిన్న ఆసుపత్రి నుంచి డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసే. జడ వదులైపోయి, నిద్ర చాలని కళ్ళతో, అయినా నవ్వుతూ మాట్లాడే పిల్ల. అమ్మాయిలందరినీ వరసలో నిలబెట్టి, తోసుకునేవాళ్ళని కసిరి, అంతా నడిపించింది మా అక్కే. ఆఖర్న డాక్టరమ్మ, "మీరూ రండమ్మా" అంది.

"నాకేం రోగమమ్మా? గుండ్రాయిలా ఉన్నాను."

"ఆ గుండ్రాయినే ఒకసారి చూస్తాను, రండి."

చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టింది. చూసింది. కాసేపు కదలకుండా, మాట్లాడకుండా కూచోమంది. మా అక్కని మాట్లాడకుండా కూచోబెట్టడం అంటే మామూలు సంగతి కాదు, అయినా కూచుంది. మళ్ళీ చూసింది. రెండో చేతికీ చూసింది. తరవాత ఆసుపత్రికి రెండు మూడుసార్లు పిలిపించి చూసింది. అప్పుడు చెప్పింది, బీపీ బాగా ఎక్కువగా ఉందని.

"నాకా? తల తిరగట్లేదే. కళ్ళు బైర్లు కమ్మట్లేదే. పొద్దుట్నించీ మెట్లు ఎక్కి దిగుతూనే ఉన్నానే!" అంది అక్క.

"అదేనమ్మా దీంతో చిక్కు. ఇది చెప్పి రాదు. మీకు బాగానే ఉన్నట్టుంటుంది. లోపల రక్తనాళాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. గుండె, మెదడు, కిడ్నీలు, కళ్ళు, దేన్నీ వదలదు. రోజుకో టాబ్లెట్ వేసుకోండి. బాగుందని మానకండి. ఉప్పు తగ్గించండి. నెలకోసారి వచ్చి కనిపించండి."

అక్క తలూపింది. మా అక్క తలూపితే ఎవరికైనా నమ్మకం కుదిరి తీరుతుంది. ఏళ్ళ తరబడి ఆఫీసర్ల ముందు ఊపి ఊపి ఆ తలకి అంత పనితనం వచ్చింది.

ఆ తరవాత నెలనెలా ఆసుపత్రికి వెళ్ళడం, పొంగిపోతూ రావడం. డాక్టరమ్మ మెచ్చుకుందట. పక్కన కూచున్న పేషెంట్లకి చూపించి, "ఈవిడ్ని చూసి నేర్చుకోండి, ఎంత బాగా అదుపులో పెట్టుకున్నారో" అందట. ఆ మాట మా కొట్టుకి వచ్చి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. నాకు చెప్పి ఊరుకుంటే సరే. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళని కూడా వదల్లేదు.

"బీపీ టాబ్లెట్ మాత్రం మానకూడదు తల్లీ. మానితే పుట్టి మునుగుతుంది. నన్ను చూడు" అని ఒకావిడకి మెడ కొలత తీస్తుంటే పాఠం చెప్పింది. ఆవిడ తల తిప్పింది, నా కొలత తప్పింది. సరే, మా అక్క ఆరోగ్యం ముందు జాకెట్టు మెడ ఎంత అనుకుని ఊరుకున్నాను.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం కుట్టిన గలీబులు ఇవ్వడానికి హాస్టలుకి వెళ్ళాను. అక్క తన గదిలో మంచమ్మీద కూచుని, తలకి బిగించి గుడ్డ కట్టుకుని, కళ్ళజోడు తీసి తుడుస్తోంది. పెట్టుకుంటోంది, తీస్తోంది, మళ్ళీ తుడుస్తోంది. పాదాలు ఉబ్బి చెప్పుల గుర్తులు పడి ఉన్నాయి. పక్కన మందుల షాపులో కొన్న నొప్పి బిళ్ళల అట్ట సగం ఖాళీ అయి ఉంది.

"ఏంటక్కా, తలనొప్పా? బీపీ టాబ్లెట్ వేసుకున్నావా?"

"ఇప్పుడెందుకే? డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి ఇంకా చాలా రోజులున్నాయిగా."

నా చేతిలో గలీబులు అలాగే ఉండిపోయాయి.

"డాక్టరు దగ్గరికి వెళ్ళడానికీ, టాబ్లెట్ వేసుకోడానికీ ఏంటి సంబంధం?"

"అదేం ప్రశ్నే? వెళ్ళబోయే వారం ముందు మొదలుపెడతాను. ఉప్పు డబ్బా కూడా అటక మీద పెట్టించేస్తాను. ఆ వారమంతా కోపం కూడా తెచ్చుకోను, మీ బావనడుగు. వెళ్తాను, ఆ పిల్ల చూస్తుంది, బంగారంలా ఉందంటుంది. వచ్చేస్తాను."

"వచ్చి?"

"వచ్చి ఏముంది, ఆపేస్తాను. అయిపోయిందిగా!"

ఆ చెప్పడంలో దాపరికం లేదు, తప్పు చేశానన్న బెదురు లేదు. కూర ఎలా వండావు అంటే చెప్పినట్టు చెప్పింది. అక్కడే నాకు చిర్రెత్తుకొచ్చింది.

"అక్కా, పరీక్ష నీకా డాక్టరుకా?"

"అరవకు, తల పగిలిపోతోంది. ఆ పిల్ల మొహం చూశావా నువ్వు? పొద్దున్నుంచీ సాయంత్రం దాకా జనం. ఆవిడ పైన కూడా ఎవరో ఒకరు ఉండకపోరు. ఇంతమందికి మందిస్తున్నావు, ఒక్కళ్ళకీ బీపీ తగ్గలేదేమని అడగరూ? మన వల్ల ఆ పిల్లకి మాట రావాలా? అయినా రోజూ వేసుకుంటే ఒంటికి అలవాటైపోతుంది. తరవాత అవసరమైనప్పుడు పని చెయ్యదు."

అప్పుడే బావ సినిమా హాలుకి బయల్దేరుతూ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఆయన మీద పడ్డాను.

"ఏం బావా, ఇదంతా నీ కళ్ళ ముందే జరుగుతోందా? చూస్తూ కూచున్నావా?"

"నన్నంటావేం మరదలా! నేను గుమ్మం దగ్గర టికెట్లు చింపేవాణ్ణి. లోపల ఏ సినిమా ఆడుతోందో నాకెప్పుడు తెలిసింది గనక?" అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "ఆ వారం రోజులు మాత్రం ఇల్లు భలే ప్రశాంతంగా ఉంటుంది. నెలంతా డాక్టరు వారమే అయితే బాగుణ్ణని ఉంటుంది నాకు" అని నెమ్మదిగా జారుకున్నాడు.

నిమ్మకు నీరెత్తినట్టు కూచుని మళ్ళీ కళ్ళజోడు తుడుస్తోంది అక్క. ఎన్నిసార్లు తుడుస్తావక్కా అని విసుక్కున్నాను. అప్పుడు చెప్పింది.

"ఈ జోడు పాడైపోయిందే. ఎడమ పక్క మసక. పొగ పట్టినట్టు ఉంది, ఎంత తుడిచినా పోవట్లేదు."

నేను కళ్ళజోడు తీసుకుని వెలుతురులో పెట్టి చూశాను. అద్దాలు తళతళలాడుతున్నాయి. ఒక చేత్తో ఆవిడ కుడికన్ను మూసి, గోడ మీద గడియారం చూపించాను.

"టైమెంత?"

"గడియారంలో సగం లేదు" అంది అక్క. అని, తనన్న మాట తనకే వినిపించినట్టు ఆగిపోయింది.

ఇక నేను పోట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే కొట్టు మూసి, ఆవిడని కంటి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. దారంతా గొణుగుడే. జోడు మారిస్తే పోయేదానికి డాక్టరెందుకు, కళ్ళద్దాల షాపు ఇంటి పక్కనే ఉండగా ఇంత దూరమెందుకు, హాస్టల్లో పాలు పొంగిపోతాయి, గేటు దగ్గర ఎవరూ లేరు.

అక్కడ కళ్ళలో చుక్కలు వేసి కూచోబెట్టారు. కంటిపాపలు పెద్దవయ్యాయి, దగ్గరివేవీ కనిపించకుండా పోయాయి. కంటి డాక్టరు పెద్దాయన. చీకటిగదిలో లైటు పెట్టి రెండు కళ్ళలోకీ చాలాసేపు చూశాడు.

"బీపీ ఉందా?" అన్నాడు.

"ఉందండీ. పూర్తిగా అదుపులో ఉంది. మా డాక్టరమ్మ అందరికీ నన్నే చూపిస్తుంది" అంది అక్క గర్వంగా.

"మీ కంటి వెనకాల రక్తనాళాలు ఆ మాట చెప్పడం లేదమ్మా" అన్నాడాయన.

ఎడమ కంట్లో ఒక సన్నటి నాళం మూసుకుపోయి, నెత్తురు కారి, చుట్టూ వాచిందట. అందుకే ఆ పొగ. కంట్లోకి ఇంజక్షన్లు చేస్తాం, కొంత చూపు తిరిగి రావచ్చు, అంతా వస్తుందని మాత్రం చెప్పలేనన్నాడు. కుడికన్ను ఇంకా బాగానే ఉంది గానీ అందులోనూ నాళాలు సన్నబడ్డాయట. "బీపీ ఇలాగే ఉంటే దానికీ ఇదే గతి. తరవాత నేను చెయ్యగలిగింది పెద్దగా ఉండదు" అన్నాడు.

బయటికి వచ్చాం.  ఎండలో కళ్ళు తెరవలేక అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యి పట్టుకునే నేనొక పని చేశాను. ఇంటివైపు తిప్పకుండా తిన్నగా డాక్టరమ్మ ఆసుపత్రికి నడిపించాను. చెప్తే రాదు. డాక్టరు వారం ఇంకా రాలేదుగా!

సగం మెట్లెక్కాక పసిగట్టింది.

"ఒసేయ్, మనింటికి మెట్లెక్కడివే?"

"నడు."

"ఈ మందుల వాసనేంటే? ఒసే రాక్షసీ, చెప్పా పెట్టకుండా తీసుకొస్తావా! ఇవాళ నేనేం వేసుకోలేదు, నిన్న కూడా వేసుకోలేదు. వద్దే, చిన్నదానా, నీకు పుణ్యముంటుంది, వారం గడువియ్యవే. వారం తరవాత నేనే వస్తాను!"

నేను చెయ్యి వదల్లేదు. బెంచీల మీద కూచున్న జనమంతా మమ్మల్నే చూస్తున్నారు. వాళ్ళలో ఇద్దరు ముగ్గురికి డాక్టరమ్మ అక్కని చూపించి నేర్చుకోమని చెప్పిన సంగతి నాకు తెలుసు. అందులో ఒకావిడ జరిగి చోటిస్తూ, "మీకూ తప్పలేదా అమ్మా రావడం?" అంది సానుభూతిగా. అక్క ఆవిడ మొహం చూడలేక గోడవైపు తిరిగి కూచుంది.

డాక్టరమ్మ లోపలికి పిలిచింది. కంటి డాక్టరు రాసిచ్చిన చీటీ చదివింది. కాసేపు అక్కని కూచోబెట్టి, పట్టీ చుట్టి చూసింది. మళ్ళీ చూసింది. పై అంకె నూట తొంభై దాటిందంది. నవ్వు పోయింది ఆ పిల్ల మొహంలోంచి.

"నాకేం అర్థం కావడం లేదు. నెలనెలా ఇంత బాగుంటూ వచ్చింది..." అంటూ తనలో తనే మాట్లాడుకుంటున్నట్టు పాత కాగితాలు తిరగేసింది. "ఈ మందు చాలడం లేదన్నమాట. ఇంకోటి కలపాలి. మోతాదు కూడా పెంచాలి." కలం తీసింది.

నేను అక్కని మోచేత్తో పొడిచాను.  మళ్ళీ పొడిచాను. నేల చూపులు చూస్తోంది. నిజం నా నోటిదాకా వచ్చింది. ఇంతలో డాక్టరమ్మ కలం బల్ల మీద పెట్టేసి, కళ్ళు నులుముకుని అంది:

"తప్పు నాదేనమ్మా. అంకె బాగుంది కదా అని నేను ధీమాగా ఊరుకున్నాను. కంటి పరీక్షకి ముందే పంపాల్సింది. మీ కన్ను ఇలా అయ్యేదాకా నేను పట్టించుకోలేదు. నన్ను క్షమించండి."

అంతే. మా అక్క కుర్చీలోంచి లేచి నిలబడింది.

"అయ్యో, అయ్యో, నీ తప్పేంటి తల్లీ! నువ్వు సరిగ్గానే రాశావు. నేనే వేసుకోలేదు! వచ్చే ముందు వారం మాత్రమే వేసుకునేదాన్ని. నీకు మాట రాకూడదని..."

 డాక్టరమ్మ మా అక్కని చూసింది. తరవాత నన్ను చూసింది. నేను అవునన్నట్టు తలూపాను. ఆ పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది. నా మిషను దగ్గర నేను రోజూ ఎలా పెట్టుకుంటానో అచ్చం అలాగే.

"నాకు ఎవరి దగ్గర మాట?" అంది చివరికి.

"పైవాళ్ళ దగ్గర. పైవాళ్ళంటూ ఉంటారుగా."

"అమ్మా, నేను తనిఖీకి వచ్చిన ఆఫీసర్ని కాదు. మీ అంకె బాగుందని నాకెవరూ మార్కులు వెయ్యరు. బాగా లేకపోతే ఎవరూ తిట్టరు. మీరు నాకు చూపించింది నెలలో ఒక్క రోజు. మిగతా రోజులన్నీ చూసింది మీ కన్ను." గొంతులో కోపం దాచుకోలేకపోయింది పాపం. "ఇప్పుడు నేను ఇంకో మందు కలిపి రాసేదాన్ని. వచ్చే నెల నా దగ్గరికొచ్చే ముందు వారం మీరు అన్నీ కలిపి మింగేవారు. బీపీ ఒక్కసారిగా పడిపోయి ఆ మెట్ల మీంచి దొర్లేవారు. తెలుసా?"

"తెలీదు తల్లీ."

"టాబ్లెట్ రోగాన్ని పోగొట్టదు. వేసుకున్నన్నాళ్ళూ బీపీని పట్టి ఉంచుతుంది, అంతే. మానితే మళ్ళీ లేస్తుంది. అలవాటు పడి పని చెయ్యకుండా పోవడమనేది లేదు. వేసుకుంటే కాళ్ళు వాచినా, దగ్గొచ్చినా, నీరసం అనిపించినా నాకు చెప్పండి, మందు మారుస్తాను. మీ అంతట మీరు మానడం మాత్రం వద్దు. ఆ తలనొప్పికి ఏం మింగుతున్నారు?"

నొప్పి బిళ్ళల సంగతి నేను చెప్పాను. డాక్టరమ్మ మళ్ళీ నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది. వాటిల్లో కొన్ని బీపీని ఇంకా పెంచుతాయట, కిడ్నీలని కూడా దెబ్బతీస్తాయట. అడక్కుండా ఏదీ కొని మింగొద్దంది. అప్పటికప్పుడు రక్తం, మూత్రం పరీక్షకి పంపింది. కిడ్నీల్లోంచి ప్రోటీను కొద్దిగా కారుతోందని తేలింది. ఇంకా చెయ్యి దాటిపోలేదు, దాటనివ్వకండి అంది.

మందు మాత్రం పెంచలేదు. పాతదే, రోజూ, ఒకే వేళకి వేసుకుని రమ్మంది. మొదటి టాబ్లెట్ అక్కడే తన ముందే వేయించింది. కొన్నాళ్ళకే మళ్ళీ రమ్మంది. ఈలోగా మాట తడబడినా, మూతి ఒక పక్కకి పోయినా, చెయ్యీ కాలూ పట్టు తప్పినా, గుండెలో నొప్పొచ్చినా, చూపు ఇంకా తగ్గినా ఒక్క నిమిషం ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలని నాకు మరీ మరీ చెప్పింది. అక్కకి చెప్పి లాభం లేదని ఆ పిల్లకి అప్పటికే తెలిసిపోయినట్టుంది.

ఇక్కడితో మా అక్క మారిపోయిందని మీరనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఒక పీడ వదిలి ఇంకో పీడ పట్టుకుంది. పొద్దున హాస్టల్లో లేవమని గంట కొట్టగానే టాబ్లెట్ వేసుకోవాలని పెట్టుకుంది, మంచిదే. కానీ వేసుకునేటప్పుడు వంటమనిషీ, ఊడ్చేమనిషీ వచ్చి చూడాలి. లేకపోతే రేపు వేసుకోలేదంటారట. అమ్మాయిలు పైనుంచి, "పెద్దక్కా, వేసుకున్నావా?" అని అరుస్తారు. "వేసుకున్నానే, నోరు తెరిచి చూపించనా?" అని ఈవిడ కిందనుంచి అరుస్తుంది. వీధికంతా తెలుసు మా అక్క ఎన్నింటికి ఏం మింగుతుందో.

పైగా ఉప్పు. తనకి తగ్గించమన్నారని హాస్టలంతటికీ తగ్గించేసింది. ఓ నాలుగు రోజులు చూసి అమ్మాయిలు కంచాలు పట్టుకుని వరండాలో బైఠాయించారు.

"పెద్దక్కకి బీపీ వస్తే మా నాలుకలకెందుకు శిక్ష?"

"ఇప్పుడు తింటే నా వయసుకి మీ కళ్ళు పోతాయే, పిచ్చి మొహాల్లారా!"

చివరికి బల్ల మీద ఉప్పు విడిగా పెట్టేటట్టు రాజీ కుదిరింది. దానికి మధ్యవర్తిత్వం చేసింది బావ. జీవితంలో ఆయన లోపలికొచ్చి చూసిన మొదటి సినిమా అదే.

కంట్లో ఇంజక్షన్లు మొదలుపెట్టారు. మొదటిసారి నా చెయ్యి పట్టుకున్న పట్టుకి రెండ్రోజులు మిషను తొక్కినా గుడ్డ తిప్పలేకపోయాను. పొగ కొంచెం పల్చబడిందంటుంది. మధ్యలో మాత్రం ఒక మచ్చలా అలాగే ఉండిపోయింది.

చెప్పిన రోజుకి ఆసుపత్రికి వెళ్ళాం. రోజూ తప్పకుండా వేసుకుంది, ఆ మాట నిజం. అందుకని ఈసారి అంకె అదిరిపోతుందని ఆవిడ ధీమా. వరసలో కూచున్నవాళ్ళకి అప్పుడే పాత పాఠం మళ్ళీ మొదలుపెట్టబోయింది. నేను తొడ మీద గిల్లాను.

డాక్టరమ్మ చూసింది. మునుపటంత ఘోరంగా లేదు, బాగా దిగింది. కానీ ఉండాల్సిన దానికంటే కొంచెం ఎక్కువే ఉంది.

మా అక్క మొహం మాడిపోయింది. తల దించుకుని, "క్షమించు తల్లీ" అంది మెల్లగా.

"ఎందుకమ్మా? ఇన్నాళ్ళకి నాకు నిజం అంకె దొరికింది. ఇప్పుడు తెలుసు మీకు ఎంత మందు కావాలో" అని డాక్టరమ్మ ఆనందంగా కలం తీసి రాసింది. ఇంకో చిన్న టాబ్లెట్ కలిపింది. వీలైతే ఇంట్లోనే చూసుకునే మిషను కొనుక్కోమంది. వచ్చిన అంకె వచ్చినట్టు చెప్పమంది.

బయటికొచ్చాం. మెట్లు దిగుతూనే మొదలుపెట్టింది.

"అప్పుడు వారం వేసుకుంటే బంగారంలా వచ్చేది. ఇప్పుడు రోజూ మింగి, చప్పిడి తిండి తిని, ఊరంతా నవ్వుకునేలా అయ్యి, ఎక్కువొచ్చింది. నీ మాట విన్నందుకు నాకు ఇలాగే కావాలి."

"అక్కా, అప్పుడు వారమంతా కోపం కూడా ఆపుకున్నావు. ఇప్పుడు పొద్దున్నే గేటు దగ్గర పాలవాడితో యుద్ధం చేసి వచ్చావు."

"అదే! అందుకే ఎక్కువొచ్చింది. పద, వెనక్కెళ్దాం. ఇంకోసారి చూడమందాం. ఆ మెట్లెక్కి ఆయాసంగా కూడా ఉంది నాకు."

"వెళ్ళేది లేదు."

"ఒక్కసారే!"

"అక్కా, నువ్వు నన్ను చంపుతావు."

"నా సంగతి సరే, నీకూ బీపీ వచ్చేలా ఉంది. నువ్వు చూపించుకున్నావా అసలు?"

చూపించుకున్నాను, నాకు బాగానే ఉంది, ఇలాగే ఉంటే ఎన్నాళ్ళుంటుందో తెలీదన్నాను. కసురుకుంటూ, గొణుక్కుంటూ బస్టాపుకి వచ్చాం. దూరంగా బస్సు వస్తోంది. అక్క మాట్లాడ్డం ఆపింది. పక్కకి తిరిగి, నేను చూడట్లేదనుకుని, కుడికన్ను అరచేత్తో మూసుకుని ఆ బస్సుకేసి చూసింది. చెయ్యి తీసింది. మళ్ళీ మూసింది.

"కనిపిస్తోందా?" అన్నాను.

"బస్సని తెలుస్తోంది. నంబరు లేదు."

 చెయ్యి తీసేసింది. తరవాత నా భుజం మీద బరువంతా వేసి, విసుగ్గానే అంది:

"రేపట్నించి రెండు టాబ్లెట్లటగా. పొద్దున నాకు ఫోన్ చెయ్యి. ఒకటేసుకుని ఒకటి మర్చిపోతానేమో."

"ఊడ్చేమనిషీ వంటమనిషీ చూస్తూనే ఉన్నారుగా. నేనెందుకు మధ్యలో?"

"చెయ్యవే అంటే!"

"చేస్తాలే. ముందు ఎక్కు, మనదే."